గిటారువిదుషి జోనీ మిచెల్

సంగీతమునందు స్త్రీలకు గల స్థానమును నేడెవ్వరును కాదనజాలరు. అయినను లోకము స్త్రీ కంఠమును మెచ్చుకొనినంత త్వరగా నామె చేతిని మెచ్చుకొనదు. పాడిన యామెను గాయని యని కొనియాడును; ఆ పాటకు తానే వాద్యము మీటుకొనినచో, ఆ వాద్యము పాట ప్రక్కన నొదిగియుండు తోడు మాత్రమే యని తలచును. సరస్వతీదేవి చేతనే వీణె నుంచి పూజించు మన దేశమున నీ లోపము కొంత తక్కువగా నుండవచ్చును. పాశ్చాత్యదేశములలో గిటారు విషయమున మాత్ర మీ పక్షపాతము చిరకాలము బలముగా నుండెను. దానిని జయించిన స్త్రీలలో కెనడాదేశపు జోనీ మిచెల్ ముఖ్యురాలు. ఆమె కచేరీలపై శ్రోతలు చూపిన యాదరమును, ఆ యాదర మామె కష్టకాలమున నెట్లు అక్కఱకు వచ్చెనో యను సంగతియు మన సోదరీమణు లెఱుగదగినవని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

జోనీ 1943వ సంవత్సరము నవంబరు 7వ తేదీన ఆల్బర్టా రాష్ట్రములోని ఫోర్ట్ మెక్లౌడ్ అను చిన్న యూరిలో జన్మించెను. తల్లిదండ్రు లిడిన పేరు రొబర్టా జోన్ ఆండర్సన్. బాల్యము సస్కాచ్వాన్ రాష్ట్రమున గడచెను. తొమ్మిదవయేట నామెకు పోలియో సోకెను. అప్పటి కా వ్యాధికి టీకా యింకను రాలేదు. ఇంటివారికి దూరముగా నాసుపత్రి పడకపై నుండియు, క్రిస్మస్ దినములలో పండుగపాటలు గొంతెత్తి పాడెడిదట. దైవానుగ్రహమున నడక తిరిగి వచ్చెను గాని, ఎడమచేతికి మునుపటి బలము మాత్రము రాలేదు.

గిటారు వాయించువారి కెడమచేయి ప్రాణమువంటిది. ఈ సంగతి వీణె నేర్చిన సోదరీమణులకు సులభముగా బోధపడును. మన వీణెకు మెట్లపై నాలుగు తంత్రు లుండును. సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము అని వాని పేళ్లు. షడ్జపంచమములకు శ్రుతి చేసికొనినచో, మధ్యమశ్రుతి పాటలు తప్ప, ఎన్ని రాగములు వాయించినను బిరడలు ముట్ట నక్కఱలేదు. గిటారుకు తంత్రు లాఱు. వానికిని లోకమంతట వాడుకలో నున్న శ్రుతి యొకటి కలదు. ఆ శ్రుతిలో మూడు నాలుగు స్వరములను కలిపి యొక్కసారిగా పలికింపవలె నన్నచో, ఎడమచేతి వ్రేళ్లను వేఱువేఱు తంత్రులపై వేఱువేఱు మెట్లకడ నుంచి గట్టిగా నదిమి పట్టవలెను. బలము చాలని చేతి కది మిక్కిలి కష్టము.

జోనీ మొదట యుకులేలి యను నాలుగు తంత్రుల చిన్న వాద్యమును కొనుక్కొని, పిమ్మట గిటారు చేపట్టెను. గురువు లేడు. పీట్ సీగర్ అను ప్రసిద్ధ జానపదగాయకుడు గిటారు నేర్చువారికై చేసిన పాఠములతో నారంభించెను. ఎలిజబెత్ కాటన్ అను నల్లజాతి విదుషి పేర ప్రసిద్ధమైన మీటును సాధింపజూచెను గాని, బొటనవ్రేలు చెప్పినట్లు వినలేదు. అది యెట్లు పోయిన నట్లే పోనిచ్చి, దానిలోనుండియే తనదైన బాణి నొకదానిని తీర్చుకొనెను.

1965లో వివాహమైన తరువాత అమెరికాలోని డిట్రాయిట్ నగరమున కాపురముండగా, ఎరిక్ ఆండర్సన్ అను గాయకు డామెకు తెఱపిశ్రుతులను పరిచయము చేసెను. వ్రేలు మోపకయే తంత్రులన్నియు మీటినపుడు కొన్ని స్వరములు చక్కగా కలిసి పలుకునట్లు ముందుగానే బిరడలు సవరించుకొనుటకే యీ పేరు. అట్లు చేసినచో నొక్క వ్రేలు మెట్టున కడ్డముగా పఱచినను వేఱొక స్వరసముదాయము పలుకును. అమెరికాలోని నల్లజాతి గాయకులలో నీ పద్ధతి యెంతో కాలమునుండి కలదు. జోనీ దానిని నేర్చుకొని యూరకుండలేదు. ఒక్కొక్క పాటకు తగినట్లొక్కొక్క శ్రుతిని తానే కల్పింప నారంభించెను. అట్టివి యేబదికి మించినవి. లోకమందఱు వాడు శ్రుతిలో నామె కూర్చిన పాట లొకటి రెండు మాత్రమే!

చేయి చాలక వెదకిన యడ్డదారి యీ విధముగా రాజమార్గమయ్యెను. ఆ శ్రుతులలో పుట్టిన స్వరసముదాయములు అంతకుముం దెవ్వరును విననివి. అవి సంతోషమో దుఃఖమో తేల్చి చెప్పక, మనస్సులోని సందేహమును సందేహముగానే నిలిపియుంచును. కుడిచేతి పని యంతకంటె విచిత్రము. బొటనవ్రేలు మంద్రమున నడక నడుపుచుండ, తక్కిన వ్రేళ్లు పైతంత్రులపై వేఱొక పాట పాడును. నడుమ నడుమ నరచేతితో తంత్రులను తట్టి మద్దెలవలె తాళము పలికించును. ఒక్కతె కూర్చుండి వాయించుచున్నను మేళమంతయు నున్నట్లు తోచునని శ్రోత లాశ్చర్యపడుట కిదియే కారణము.

ఆ దినములలో జానపదగాయకులు పట్టణములలోని కాఫీశాలలలో పాడుచుండెడివారు. జోనీయు నట్లే యారంభించెను. పాటకొక శ్రుతి యగుటచే పాటకును పాటకును నడుమ బిరడలు త్రిప్పుకొనవలసి వచ్చెడిది. వేఱొక్కరైనచో సభ విసుగుకొనియుండును. ఈమె మాత్రము శ్రుతి చేయుచునే, పాట యెట్లు పుట్టినదో, దారిలో నేమి వింత చూచినదో నవ్వుచు చెప్పెడిది. శ్రోతల కా కబుర్లును కచేరీలో భాగమే యయ్యెను. వాద్యము సరిపడువఱకు వారోపిక పట్టిరి. ఆ యోపిక కామె పాటతో బదులు తీర్చెను. 1967లో జూడీ కాలిన్స్ అను గాయని యీమెను న్యూపోర్ట్ జానపదసంగీతోత్సవమునకు పిలిపించెను. ఈమె కూర్చిన 'బోత్ సైడ్స్ నౌ' అను పాటను రికార్డు చేసి దేశమంతట ప్రసిద్ధము చేసినదియు నా కాలిన్సే. ఒక విదుషి మఱియొక విదుషికి చేయూత నిచ్చుట కిది మంచి నిదర్శనము.

అభిమాన మన్నపుడు దానికి రెండుముఖము లుండును. 1970 ఆగస్టు 29వ తేదీన ఇంగ్లండునకు దక్షిణముననున్న వైట్ ద్వీపమున జరిగిన సంగీతోత్సవమునకు లక్షలకొలది జనులు వచ్చిరి. రుసుము చెల్లించినవారికిని చెల్లింపనివారికిని కలహము, కంచెలు విఱుగుట, ఎక్కడ చూచినను కేకలు. ఆ గందరగోళమున జోనీ యొంటరిగా వేదిక నెక్కెను. పాటల నడుమ నొకడు వేదికపైకి వచ్చి మాటలాడబోగా, వానిని దింపివేసిరి. జనులు గోలచేసిరి. ఆమె కన్నీళ్లు దిగమ్రింగుకొని, తాము విహారయాత్రకు వచ్చినవారివలె ప్రవర్తించుచున్నారనియు, పాడువారిని కొంచెము గౌరవింపుడనియు వేడుకొనెను. అప్పటికామె కిరువదియాఱేండ్లు. తరువాత సభ క్రమముగా సద్దుమణిగెను. ఆమె తుదివఱకు పాడెను. నాటి చలనచిత్రమును 2018లో విడుదల చేసిరి. ఒంటరియైన యొక స్త్రీ కోపింపక, పాఱిపోక, పాటతోనే లక్షలజనమును దారికి తెచ్చిన తీరు నందు చూడవచ్చును.

1974 నాటికి జోనీ జానపదబాణిని దాటి, విద్యుద్వాద్యములతో 'ఎల్.ఏ. ఎక్స్‌ప్రెస్' అను మేళమును వెంటబెట్టుకొని కచేరీలు చేయుచుండెను. జానపదగానమునకు రాక్ సంగీతపు జోరు చేర్చు నీ పద్ధతిని ఫోక్-రాక్ అందురు. సభలోనివారు తమకిష్టమైన పాత పాటలపేళ్లు చెప్పి కేకలు వేయగా, ఆమె నవ్వుచు నొక చమత్కారము చెప్పెను. చిత్రకారుడు వాన్ గోవును మునుపటి చిత్రమునే మఱల వేయుమని యెవ్వరును కోరలేదు గదా యని దాని భావము. ఆ యేటి 'మైల్స్ ఆఫ్ ఐల్స్' రికార్డులో నా మాట లిప్పటికిని వినవచ్చును. పాతపాటనే కోరు నభిమానము కళాకారిణిని కట్టివేయును. క్రొత్తపాటకు చెవి యొగ్గు నభిమాన మామెను నడిపించును. జోనీ శ్రోతలలో రెండవ తెగవారే కడవఱకు నిలిచిరి.

వారి శ్రద్ధ యెంతటి దనగా, ఒక్కొక్క పాటకు శ్రుతి యేదో చెవితోనే గుర్తించి, ఏ తంత్రి నెంత దింపవలెనో, ఏ మెట్టున వ్రేలు మోపవలెనో పట్టికలుగా వ్రాసి యితరులకు పంచిపెట్టిరి. జోయెల్ బెర్న్‌స్టీన్ అను మిత్రు డామె శ్రుతులను లిఖించి దాచియుంచెను. తాను మఱచిన పాతపాటల శ్రుతుల నామె యతనివలననే మఱల తెలిసికొనెను. అన్నివిధములుగా మార్చుచుండుటచే తంత్రులు నిలుకడగా నుండక వేదికపై బాధించుచుండెను. బాల్యపు వ్యాధి మిగిల్చిన నీరసము నధికమయ్యెను. కచేరీలు విడిచిపెట్టుదమని తలచుచున్న సమయమున, 1995లో రోలండ్ సంస్థవారి వీజీ-8 అను విద్యుద్యంత్రము లభించెను. తంత్రులు మామూలు శ్రుతిలోనే యుండగా, నాదమును కావలసిన శ్రుతిలోనికి మార్చి వినిపించుట దాని పని. ఆ యేడు న్యూ ఆర్లియన్స్ సంగీతోత్సవమున దానితో తొలిసారిగా కచేరీ చేసి, మఱికొన్ని యేండ్లు వేదికలపై నిలిచెను.

2000 తరువాత కచేరీలు దాదాపుగా నిలిచిపోయెను. 2015 మార్చి 31వ తేదీన లాస్ ఏంజిల్స్ నగరమున తన యింట నామె స్పృహతప్పి పడియుండెను. మెదడులోని రక్తనాళ ముబ్బుటచే కలిగిన యాపద యది. నడచుట, మాటలాడుట మొదలుకొని యన్నియు మఱల నేర్వవలసి వచ్చెను. గిటారు సంగతి చెప్పనేల? ఇతరు లెవ్వరును వాడని యేబది శ్రుతులు కల్పించిన చేతికి, ఏ వ్రేలెక్కడ నుంచవలెనో తెలియకపోయెను.

అపు డామె చేసిన పని మా మనస్సు నెక్కువగా కరగించినది. తన పాత కచేరీల చలనచిత్రములను అంతర్జాలమున పెట్టుకొని, వేదికపై తన చేయి యెచ్చటెచ్చట నుండెనో చూచి, ఆ ప్రకారముగా వ్రేళ్లు మోపి యభ్యసించెను. యౌవనపు జోనీ ముసలి జోనీకి గురువయ్యెను! కచేరీలను దాచి పదిమందికి చూపిన శ్రద్ధ చివర కా విదుషికే పాఠమయ్యెను గదా. అంతియేకాక, బ్రాండీ కార్లైల్ అను యువగాయనియు, మఱికొందఱు సంగీతజ్ఞులును ఆమె యింట కూడి, ఆమె చుట్టు కూర్చుండి పాడసాగిరి. మొదట వినుచు కూర్చుండిన యామె క్రమముగా గొంతు కలిపెను.

2022 జులై 24వ తేదీన న్యూపోర్ట్ సంగీతోత్సవమున కార్లైల్ కచేరీ యనియే ప్రకటించిరి. వేదికపైకి జోనీ వచ్చుట జూచి జనులు విభ్రాంతులైరి. 1969 తరువాత నా యుత్సవమున నామె పాడుట యదియే. డెబ్బదియెనిమిదేండ్ల వయస్సున పెద్దకుర్చీలో కూర్చుండి పాడెను. పిమ్మట లేచి నిలుచుండి, 'జస్ట్ లైక్ దిస్ ట్రెయిన్' అను తన పాటను గొంతు కలుపక గిటారుపైననే వాయించెను. వ్రేళ్లు మెల్లగా నడచినవి; అయిన నా శ్రుతి, ఆ మీటు ఆమెవే. వైట్ ద్వీపమున తన్ను వినుడని వేడుకొనవలసి వచ్చిన యామె, ఇచ్చట వేడకయే వేలజనుల నిశ్శబ్దమును పొందెను. వేదికపైనున్న తోడిగాయనులే కన్నీరు తుడుచుకొనిరి. ఆ కచేరీ రికార్డునకు 2024లో గ్రామీ బహుమానము వచ్చెను. ఆ యక్టోబరులో హాలీవుడ్ బౌల్ రంగస్థలమున వరుసగా రెండురాత్రులు పాడెను.

లోకము చేతిని చూచుట కెంతకాలము పట్టెనో యీ లెక్క తెలుపును. 'రోలింగ్ స్టోన్' అను అమెరికా సంగీతపత్రిక 2003లో ప్రకటించిన ఉత్తమ గిటారువాదకుల పట్టికలో జోనీకి 72వ స్థాన మిచ్చెను. 2023లో ప్రకటించిన పట్టికలో 9వ స్థాన మిచ్చెను. ఆ నడుమ నామె క్రొత్తగా నేర్చిన విద్య లేదు, సరికదా, నేర్చినది పోగొట్టుకొని మఱల సంపాదించినది. మాఱినది విద్య కాదు, వినువారి చెవి.

సోదరీమణులారా! మన యిండ్లలో కన్నెఱికమున వీణెయో, వయొలినో నేర్చి, సంసారభారమున దానిని గవిసెన తొడిగి మూలనుంచినవా రెందఱో కలరు. చేయి తిరుగదని యొకరు, వయస్సు చెల్లినదని యొకరు, వినువా రెవ్వరని యొకరు విచారింతురు. చేయి తిరుగనపుడు శ్రుతి మార్చుకొనవచ్చునని జోనీ చరిత్ర చెప్పుచున్నది. వయస్సునకును సమాధాన మామెయే చెప్పినది. మూడవ ప్రశ్నకు మాత్రము సమాధానము తక్కిన కుటుంబమువారు చెప్పవలెను. ఇంటిలో నొకరు వాద్యము ముందఱ కూర్చుండినపుడు, శ్రుతి కలియువఱకు కొంచెము సేపోర్చి, తప్పినను నవ్వక, తుదివఱకు వినుడు. అట్టి యోర్పు గల యింట మూలనున్న వీణె మఱల పలుకక మానదు.