కడుపులో చల్ల కదిలితే...

ఏ చీకూ చింతా లేకుండా కాలం గడుపుతున్న మనిషిని చూసి "వాడికేం, కడుపులో చల్ల కదలకుండా బతుకుతున్నాడు" అంటారు పెద్దవాళ్లు. అన్యాయం చూస్తే కడుపు మండుతుంది. ఎవరి కష్టమైనా వింటే కడుపు తరుక్కుపోతుంది. భయం వేస్తే కడుపులో దేవినట్టుంటుంది. మీరెప్పుడైనా గమనించారా? కోపం, జాలి, భయం - ఇవన్నీ మనసుకు సంబంధించినవి. మరి మధ్యలో కడుపు ఎందుకు వచ్చింది?

పరీక్షనాటి ఉదయం మీలో కొందరికి కడుపునొప్పి వస్తుంది. ఒకటికి రెండుసార్లు మరుగుదొడ్డికి పరుగెత్తాల్సి వస్తుంది. "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అని ఇంట్లోవాళ్లు కోప్పడడమూ మామూలే. అది నాటకమా, నిజమా? జవాబు తెలియాలంటే కడుపులోకి తొంగిచూడాలి. నిజంగానే అలా తొంగిచూసిన వైద్యుడొకడున్నాడు.

పొట్టకు ఒక కిటికీ

1822 జూన్ 6న అమెరికాలోని మాకినాక్ దీవిలో ఒక తుపాకీ పొరపాటున పేలింది. గుండు అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి పొట్టలో దూరింది. అతను బొచ్చుతోళ్ల వ్యాపార సంస్థలో పడవ నడిపే కూలీ. అక్కడి సైనిక వైద్యుడు విలియం బోమాంట్ వైద్యం చేశాడు. మనిషి బతికాడు కాని, గాయం పూర్తిగా పూడలేదు. పొట్టపై నుంచి జీర్ణాశయం లోపలికి ఒక రంధ్రం మిగిలిపోయింది.

బోమాంట్ 1825 నుంచి ఆ రంధ్రం గుండా మాంసం, రొట్టె, క్యాబేజీ ముక్కలను పట్టుదారానికి కట్టి లోపలికి వదిలేవాడు. కొంతసేపటికి బయటకు లాగి, ఏది ఎంత అరిగిందో చూసేవాడు. ఈ పరిశీలనలతో 1833లో ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో అరుగుదల సంగతులతోపాటు మరో సంగతి కూడా ఉంది. సెయింట్ మార్టిన్‌కు కోపమో భయమో కలిగినప్పుడు జీర్ణాశయం లోపొర రంగు మారేది. ఒక్కోసారి ఎర్రబడి పొడిగా, ఒక్కోసారి పాలిపోయి కనిపించేది. అరుగుదల కూడా చెడేది. పాపం, ఆ పేద కూలీ ఇష్టంతోనే అన్నింటికీ ఒప్పుకున్నాడని చెప్పలేం. చిరాకుపడి మధ్యలో వెళ్లిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ తర్వాత ఎక్స్‌రేలు వచ్చాయి. హార్వర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్, పిల్లులకు బిస్మత్ కలిపిన ఆహారం పెట్టి, వాటి జీర్ణాశయం కదలికలను ఎక్స్‌రేలో చూశాడు. పిల్లి కలత చెందగానే ఆ కదలికలు ఆగిపోయేవి. నిమిరి శాంతపరిస్తే మళ్లీ మొదలయ్యేవి. 1898లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. మనసు కలత పడితే కడుపు పని ఆగుతుందన్నమాట. కనుక పరీక్షనాటి కడుపునొప్పి నాటకం కాదు. నొప్పి నిజంగానే పుడుతుంది.

పేగుల్లోనూ నాడులు

ఇంతవరకు కబురు మెదడు నుంచి కిందికి వెళ్లింది. పేగులు మెదడు చెప్పినట్టల్లా ఆడే కీలుబొమ్మలేనా? కాదు. 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్క పేగుకు బయటి నుంచి వచ్చే నాడులన్నీ కోసివేసి చూశారు. అయినా పేగు లోపల ఒత్తిడి కలిగించగానే, అది పైభాగంలో బిగుసుకొని, కింది భాగంలో వదులై, ఆహారాన్ని ముందుకు నెట్టింది!

మన అన్నవాహిక మొదలుకొని పెద్దపేగు చివరిదాకా గోడల మధ్య నాడీకణాల వల రెండు పొరలుగా అల్లుకొని ఉంది. మైస్నర్, ఆవర్‌బాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దంలోనే వాటిని గుర్తించారు. ఈ వలలో 10 కోట్లకు పైగా నాడీకణాలుంటాయని అంచనా. అందుకే కొందరు దీన్ని "రెండో మెదడు" అంటారు. అలాగని ఇది లెక్కలు చేస్తుందనీ, పద్యాలు కంఠతా పడుతుందనీ అనుకోకండి! దాని పనల్లా పేగులను నడపడం, లోపలి సంగతులు పైకి చేరవేయడం.

ఆ చేరవేతకు పెద్ద దారి వేగస్ నాడి. ఇది మెదడు అడుగుభాగం నుంచి మెడ, గుండె, ఊపిరితిత్తుల మీదుగా పొట్టలోకి దిగుతుంది. ఇందులోని తంతువుల్లో పదింట ఎనిమిది దాకా కబుర్లను కింది నుంచి పైకి మోసేవే. మెదడు కడుపుకు చెప్పేదానికన్నా, కడుపు మెదడుకు చెప్పేదే ఎక్కువ!

కనిపించని కాపురస్థులు

మరి ఆ కబుర్లు మన మనసును మార్చగలవా? ఇక్కడ మరో పాత్ర ప్రవేశిస్తుంది. మన శరీరంలో, ముఖ్యంగా పెద్దపేగులో, సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు కాపురముంటున్నాయని 2016లో లెక్కకట్టారు. మనం అరిగించుకోలేని పీచును ఇవి పులియబెట్టి, మనకు పనికివచ్చే ఆమ్లాలను తయారుచేస్తాయి.

2004లో జపాన్‌లోని క్యుషూ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు, ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలను కాసేపు కదలకుండా బంధించారు. మామూలు ఎలుకలకన్నా వాటి రక్తంలో ఆందోళన హార్మోన్లు బాగా ఎక్కువగా పెరిగాయి. 2011లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పిరికిజాతి ఎలుకలకూ, ధైర్యజాతి ఎలుకలకూ పేగుల్లోని సూక్ష్మజీవులను తారుమారు చేశారు. చిన్న గద్దె మీద నుంచి దిగడానికి జంకే జాతికి కొంత ధైర్యం వచ్చింది. ధైర్యజాతి జంకసాగింది.

మనుషుల మాటేమిటి? ఆస్ట్రేలియాలో సుమారు వెయ్యిమందిని 12 ఏళ్లపాటు గమనించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. మొదట ఆందోళన ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత పేగుల బాధలు వచ్చాయి. మొదట పేగుల బాధలున్నవాళ్లలో కొందరికి తర్వాత ఆందోళన, దిగులు వచ్చాయి. దారికి రెండువైపులా రాకపోకలున్నాయని తేలింది.

మన దక్కనులోనే మరో ఉదాహరణ ఉంది. జొన్న తప్ప వేరే తిండి అంతగా దొరకని పేదల్లో ఒకప్పుడు పెల్లగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పగిలేది. విరేచనాలయ్యేవి. వీటితోపాటు మనిషి దిగులుతో కుంగిపోయేవాడు. దీనికి మూలం నయాసిన్ అనే విటమిన్ లోటు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ కూడా ఒక కారణం కావచ్చని హైదరాబాదు పోషకాహార శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకంఠియా 1960లో సూచించారు. జొన్న చెడ్డదని కాదు. పప్పు, ఆకుకూర, పాలు తోడైతే అది చక్కని ఆహారం. తిండిలో లోటు మనసుదాకా పోతుందన్నదే ఇక్కడి పాఠం.

ఎక్కడ ఆగాలి?

ఇదంతా చదివి "అయితే రోజూ పెరుగు తింటే దిగులు పోతుందా?" అని మీరు అడగవచ్చు. ఇక్కడే జాగ్రత్తపడాలి. ఎలుకకు జరిగింది మనిషికీ జరుగుతుందని చెప్పలేం. మేలుచేసే బాక్టీరియాలను మనుషులకిచ్చి చేసిన పరీక్షల్లో కొన్నింట ఫలితం కనిపించింది, కొన్నింట కనిపించలేదు. పెరుగు మంచి ఆహారం, దిగులుకు మందు కాదు.

ఇంకో మాట కూడా మీకు వినిపిస్తుంది: "ఆనందాన్నిచ్చే సెరటోనిన్ 90 శాతం పేగుల్లోనే ఉంది, కనుక ఆనందం అక్కడే తయారవుతుంది" అని. మొదటి సగం నిజమే. కాని పేగుల్లోని సెరటోనిన్ నేరుగా మెదడులోకి పోలేదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది. పేగుల్లోది ముఖ్యంగా పేగుల కదలికకు పనికివస్తుంది. సగం నిజంతో సరుకు అమ్మేవాళ్లున్నారు. మిగతా సగం అడగడం మీ వంతు!

మరి మీరు చేయగలిగిందేమిటి? పప్పులు, ఆకుకూరలు, పళ్లు, రాగి, జొన్న వంటి పీచున్న ఆహారం తినండి. పరీక్షల రోజుల్లో పస్తుండకండి. నిద్ర చెడగొట్టుకోకండి. వైద్యుడు చెప్పనిదే యాంటీబయాటిక్ మందులు మింగకండి. అవి మేలుచేసే బాక్టీరియాలను కూడా చంపుతాయి. కడుపు పట్టేసినట్టుంటే ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలండి.

మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేంత నొప్పి - వీటిలో ఏది ఉన్నా అది పరీక్షల బెదురని సరిపెట్టుకోకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. అలాగే దిగులు రెండువారాలైనా తగ్గకపోతే అమ్మానాన్నలకో, మాస్టారికో చెప్పండి. 14416 అనే నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవలో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

ఇప్పుడు మీకో చిన్న పని. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయండి. ఏం తిన్నారు, కడుపు ఎలా ఉంది, మనసు ఎలా ఉంది - రెండువారాలు ప్రతి సాయంత్రం రాయండి. మొదట ఏది కదిలింది, మనసా, కడుపా? బోమాంట్‌కు అది చూడడానికి ఒక మనిషి పొట్టలో రంధ్రం కావలసి వచ్చింది. మీకు పెన్సిలు చాలు.