మందుచీటీ మీద ముద్ర ఏదీ?

షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ వైపు నడిచి వెళ్ళేవారికి దారి పొడుగునా మందుల షాపుల బోర్డులు కనిపిస్తాయి. ఒకటి ‘ఫార్మసీ’, మరొకటి ‘కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్’. యజమాని సరదా కొద్దీ పెట్టుకున్న పేర్లు కాబోలు అనుకుంటాం. కాని 1945 నాటి మందుల నిబంధనలు ఈ మాటలకు అర్థాలు కట్టిపెట్టాయి. ‘ఫార్మసీ’ అని వ్రాసుకోవాలంటే రిజిస్టరైన ఫార్మసిస్టూ ఉండాలి, చీటీ చూచి మందు కలిపి యిచ్చే ఏర్పాటూ ఉండాలి. మనిషి ఉండి ఆ ఏర్పాటు లేకపోతే రెండవ పేరు. ఫార్మసిస్టు అక్కరలేని మందులు మాత్రమే అమ్మేది ‘డ్రగ్ స్టోర్’. ప్రభుత్వం కూడా నిఘంటువు వ్రాయగలదని తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివారికి ముచ్చట వేసింది.

ఈ కట్టుదిట్టాల వెనుక క్వినైను కథ ఉన్నది. మలేరియాను మోసేది దోమేనని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాదులోనే. ఆ జ్వరానికి మందైన క్వినైనే కల్తీ అయి బజారుకు వస్తున్నదని దేశమంతటా గోల పుట్టగా, 1930లో కర్నల్ చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. మరుసటి యేడే నివేదిక వచ్చింది. చట్టం మాత్రం 1940లో వచ్చింది. అమ్మే మనిషికి చదువుండాలన్న ఫార్మసీ చట్టం 1948 నాటిది.

ఇక మన సంగతి. “మొన్నటి గోలీలే నాలుగియ్యి తమ్మీ!” — ఈ మాట ఈ పేటలో రోజూ వినవచ్చు. (కోస్తావారు ‘బిళ్ళలు’ అంటారు, అడిగే తీరు మాత్రం ఒకటే.) అట్ట మీద ఎర్రగీత ఉన్నదంటే అది చీటీ లేకుండా అమ్మరాని మందు. ఆ చీటీ మీద డాక్టరు సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు ఎంత, మోతాదు ఎంత అన్నవి ఉండాలి. మళ్ళీ ఇవ్వవచ్చునని డాక్టరు వ్రాయనిదే ఒక చీటీకి ఒక్కసారే మందు. ఇచ్చినట్లు షాపువారు తమ పేరు, చిరునామా, తేదీ ఆ చీటీ మీదే వేయాలి. మీ బీరువాలోని పాత చీటీలు తీసి చూడండి, ఎన్నింటిమీద ఆ ముద్ర ఉన్నదో!

ఇది గుమాస్తాగిరీ చాదస్తం కాదు. మోకాళ్ళ నొప్పికి వారం రోజులకని వ్రాసిన స్టెరాయిడు బిళ్ళలు బాగున్నాయి గదా అని ఏడాది మింగితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. హఠాత్తుగా మానినా ప్రమాదమే. యాంటీబయాటిక్‌ల సంగతి ఇంకా గడ్డు. ఒకరు అరకొరగా మింగితే మొండికెత్తిన క్రిమి ఇంటిల్లిపాదికీ, పొరుగువారికీ అంటుకుంటుంది. అందుకే సెఫిక్సిమ్ వంటివీ, క్షయ మందులూ కలిపి 46 మందులను హెచ్1 జాబితాలో చేర్చారు. 2014 మార్చి 1 నుంచి అవి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం వేరే పుస్తకంలో వ్రాసి మూడేళ్ళు దాచాలి.

“అదీ ఇదీ ఒకటేనండీ, కంపెనీ వేరు” అన్నమాట కూడా మనకు అలవాటే. చీటీ తప్పనిసరి అయిన మందుల్లో వ్రాసినదానికి బదులు వేరొకటి ఇచ్చే అధికారం షాపుకు లేదు. చవకగా కావాలంటే మందు అసలు పేరే వ్రాయమని డాక్టరునే అడగాలి. అప్పుడు జన ఔషధి దుకాణానికి వెళ్ళవచ్చు.

షాపువారిదే తప్పంతా అనను. కాదంటే గిరాకీ పక్క షాపుకు పోతుంది. అయినా సర్టిఫికెట్టు గోడమీదా, ఆ సర్టిఫికెట్టు తాలూకు మనిషి మరెక్కడో ఉండడం మాత్రం క్షమించరానిది. ఇన్సులిన్ ఎన్ని డిగ్రీల చలువలో ఉండాలో పదో తరగతి కుర్రవాణ్ణి అడిగితే ఏం చెబుతాడు? రెండు నుంచి ఎనిమిది.

పెద్ద ఆసుపత్రులలో చిక్కు వేరు. లోపలి ఫార్మసీలోనే కొనాలని పట్టుబట్టడం గురించి వచ్చిన వ్యాజ్యంలో, 2025 మార్చిలో సుప్రీంకోర్టు, తగిన విధానం రాష్ట్రాలే ఆలోచించుకోవాలన్నది. మంచం మీద రోగిని పెట్టుకుని బేరాలాడే ఓపిక ఎవరికుంటుంది? కనీసం బిల్లు అడిగి పుచ్చుకోండి, బ్యాచి నంబరూ గడువు తేదీతో సహా. రేపు మందు మీద అనుమానం వచ్చి ఔషధ నియంత్రణ శాఖవారి దగ్గరకు వెళితే వారు మొదట అడిగేది ఆ కాగితమే.