ఓడెక్కినవాళ్ల ఊరేది?

పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ మారిషస్ నుంచి ఉత్తరాంధ్రకు వచ్చే తెలుగువాళ్ల దగ్గర తరచూ ఒక కాగితం ఉంటుంది. మోకా పట్నంలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరిచిన వలస రిజిస్టర్ల నుంచి తీయించుకున్న నకలు అది. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, వయసు, కులం, ఒంటిమీది గుర్తులు, జిల్లా, ఊరు, ఎక్కిన ఓడ, దిగాక ఇచ్చిన నంబరు అందులో ఉంటాయి. నూట యాభై ఏళ్ల కిందటి కూలి మనిషి గురించి ఇంత వివరం మన కచేరీల్లో ఎక్కడా దొరకదు. దాన్ని పట్టుకుని ఊళ్లో దిగితే అరుగుమీది పెద్దాయన అడిగే మొదటి మాట, "మీ ఇంటిపేరేటి బాబూ?"

ఆ ముక్క కాగితంలో ఉండదు. తెల్లదొరల గుమస్తాలకు మనిషి పేరూ తండ్రి పేరూ చాలు. సముద్రం అవతల ఆ పేరే వంశానికి ఇంటిపేరైపోయింది. అప్పలస్వామి మనవలందరూ అక్కడ అప్పలస్వాములే. సింహాద్రి అప్పన్నను కొలిచే ఈ నేలమీద అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు లేని వీధి లేదు. వాళ్ల దగ్గర ఉన్న పేరు ఇక్కడ ఎవరినీ పట్టివ్వదు. ఇక్కడ మనిషిని పట్టిచ్చే ఇంటిపేరు వాళ్ల దగ్గర లేదు.

సరే, ఊరి పేరుందిగా అనుకుంటాం. ఆ ఊరు ఏ జిల్లాలో ఉన్నట్టు? గంజాం జిల్లా అని రాసి ఉంటే అది నేటి ఇచ్ఛాపురం, టెక్కలి వైపు కావచ్చు, ఒడిశాలోని బరంపురం వైపూ కావచ్చు. శ్రీకాకుళం పట్నం కూడా 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాంలోనిదే. తర్వాత విశాఖ జిల్లాలో కలిసింది, 1950లో సొంత జిల్లా అయింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో జిల్లాలన్నీ మళ్లీ ముక్కలయ్యాయి. శ్రీకాకుళాన్ని చికాకోల్ అనీ భీమునిపట్నాన్ని బిమ్లిపటం అనీ రాసిన చేతులు చిన్న పల్లెల పేర్లను ఏం చేసి ఉంటాయో చెప్పక్కర్లేదు. వెంకటాపురాలు, కొత్తవలసలు ఎన్నో ఉన్నాయి. ఏ వెంకటాపురమని వెతకాలి?

తహసీల్దారు ఆఫీసుకు వెళ్లమని సలహా ఇస్తారు. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీలు పరుచుకున్న ప్రాంతమిది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంటు జరిగితేగాని ఈ ఊళ్లలో చాలావాటికి రైతు పేరుతో సర్కారు రికార్డే లేదు. ఉన్నా ఏం లాభం? ఓడెక్కినవాళ్లలో చాలామంది సెంటు భూమి లేనివాళ్లు. 1866 కరువు గంజాంను పిండేసింది, 1876–78 కరువు మద్రాసు రాజధానిలో చాలా భాగాన్ని ఎండగట్టింది. ఆ ఏళ్లలో మేస్త్రీ చెప్పిన మాట నమ్మి నడిచినవాడి పేరు ఏ అడంగల్లో ఉంటుంది? వంశవృక్షాలు పాడే పిచ్చుకుంట్లవాళ్లు కూడా రెడ్లకు, కాపులకు గోత్రాలు చెప్పారుగాని పాలేరు వంశం పాడలేదు. పోనివాళ్లకే చరిత్ర దక్కని చోట పోయినవాళ్లకు ఎలా దక్కుతుంది?

ఇంకో చిక్కుంది, దాన్ని దాచడం మంచిది కాదు. ఆరు తరాల తర్వాత చుట్టమని వచ్చినవాళ్లను చూసి కొందరు లోపల జంకుతారు, వాటా అడుగుతారేమోనని. వచ్చినవాళ్లకు కావాల్సింది కులదేవత గుడి ముందు ఒక కొబ్బరికాయ కొట్టడం. అది అర్థమయ్యేలోపే తిరుగు విమానం రోజు వచ్చేస్తుంది.

మారిషస్‌వాళ్లకు కాగితమైనా ఉంది. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌వాళ్లకూ ఉంది. 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్లిన లక్షన్నర మందిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లే. ఆ ఓడల జాబితాలూ మిగిలాయి. రంగం, అంటే బర్మా, వెళ్లినవాళ్ల సంగతే నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. బర్మా 1937 దాకా ఇండియాలో ఒక రాష్ట్రమే. పాస్‌పోర్టు లేదు, ఒప్పంద పత్రం లేదు. కాకినాడలోనో విశాఖలోనో కళింగపట్నంలోనో టిక్కెట్టు కొని డెక్కుమీద కూర్చుంటే రంగూన్ రేవు వచ్చేది. కోతలయ్యాక వెళ్లి, కొన్నాళ్లు బియ్యం మిల్లుల్లోనో రేవులోనో మూటలు మోసి తిరిగొచ్చేవాళ్లు. అంత సులువుగా వెళ్లినందుకే వాళ్ల ఆనవాలు మిగల్లేదు.

1942లో జపాన్ సైన్యం వచ్చిపడితే లక్షలమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన ఇండియా వైపు వచ్చారు. దారిలో ఎవరెవరు ఆగిపోయారో రాసినవాళ్లు లేరు. మా ప్రాంతంలో ఎందరో ఆడవాళ్లు మొగుడు బతికున్నాడో లేడో తెలియక, బొట్టు తీయాలో ఉంచాలో తేలక ముసలివాళ్లయ్యారు. 1964లో నే విన్ ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేసి పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు రెండో విడత వచ్చింది. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అలా వెలిసిందే. వచ్చినవాళ్ల సంగతి అది. అక్కడే ఉండిపోయి బర్మా పేర్లు పెట్టుకున్న అన్నదమ్ముల బిడ్డలను ఇక్కడివాళ్లు ఏ రిజిస్టరులో వెతకాలి?

2024 మార్చిలో మారిషస్ వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, అక్కడి భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ కార్డు ఇస్తామని ప్రకటించారు. మంచిదే. కార్డు దేశాన్ని ఇస్తుంది, చుట్టాన్ని ఇవ్వదు.

నా బాధ అసలు ఇది. వెతికే వీలు అటువాళ్లకే ఉంది. ఆ రిజిస్టర్లు ఓడ వారీగా, నంబరు వారీగా నడుస్తాయి. ముత్తాత ఎవరో తెలిసినవాడికి అవి తలుపు తీస్తాయి. "మా ఊరినుంచి ఎవరెవరు వెళ్లారు?" అని భోగాపురంలోనో పలాసలోనో కూర్చుని అడిగేవాడికి జవాబు చెప్పే చోటు లేదు. మద్రాసు ప్రభుత్వం నాటి పాత దస్తావేజుల కోసం చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు పోవాలి. కూలిపని మానుకుని ఎవరు పోగలరు?

ఇది కాని పని కాదు. నాటాల్ జాబితాలను పరిశోధకులు ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించారు. మారిషస్, ఫిజీ ప్రభుత్వాలను అడిగి నకళ్లు తెచ్చుకోవడం మన ప్రభుత్వాలకు భారం కాదు. వాటిని ఊరి వారీగా విడగొట్టి, పాత తాలూకా పేరు పక్కన నేటి మండలం పేరు రాసి, ఏ ఊరి జాబితా ఆ ఊరి సచివాలయంలో గోడకు అంటించాలి. తండ్రి పేరు చూసి ఇంటిపేరు చెప్పగల ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. బర్మా విషయంలో కాగితం లేదు కాబట్టి వాళ్ల నోటి మాటే రికార్డు చెయ్యాలి. 1942లో పదేళ్లున్న పిల్లకు ఇప్పుడు తొంభై దాటాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు ఊళ్లలో ఆ పని ముందు మొదలుపెట్టాలి, ఈ ఏడే.