పిల్లలకు మొదటి హారర్ కథల పుస్తకం

“మా బాబు హారర్ కథలు అడుగుతున్నాడు, కొనొచ్చా మేడమ్?” అని పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతున్నారు. కొనండి. కానీ లవ్‌క్రాఫ్ట్ కథలన్నీ కలిపిన లావుపాటి పుస్తకం ఇప్పుడే వద్దు. ఆ పొడుగు వాక్యాలు అర్థంకాక, తనకు ఇంగ్లిష్ రాదనుకుంటాడు.

నలుగురైదుగురు రచయితల కథలున్న సన్నటి సంకలనం చాలు. అందులో డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ కథ ‘ది మంకీస్ పా’ (1902) ఉందేమో చూడండి. మన దేశం నుంచి ఒక సైనికుడు తీసుకెళ్లిన ఎండిన కోతి పంజా మూడు కోరికలు తీరుస్తుంది. చివర్లో తలుపు ఎవరు కొడుతున్నారో రచయిత చూపించడు, భయమంతా అక్కడే. భద్రాచలం అడవి దారుల కథలు నానమ్మల దగ్గర విన్న పిల్లలకు ఇది కొత్తేమీ కాదు.

ముందు మీరు చదవండి. అందులో కొడుకు చనిపోతాడు. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, ఈ ఏడాదికి ఆ పుస్తకం బీరువాలోనే ఉంచండి.