ఉల్లి పేరున్న మహానగరం: చికాగో ఇల్లాళ్ళ కథలు

చికాగో అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి మంచు, ఈదురుగాలి, ఆరోరా బాలాజీ గుడి, డెవాన్ వీధి అంగళ్ళు. అసలీ ఊరి పేరే వంటింటికి దగ్గరి చుట్టం. ఇక్కడి మూలవాసుల భాషలో 'శికాక్వా' అంటే ఉల్లి, వెల్లుల్లి జాతికి చెందిన ఒక ఘాటైన అడవి మొక్క. నది ఒడ్డున అది విరివిగా పెరిగేది. ఆ మాట ఫ్రెంచివాళ్ళ నోట పడి, మారి మారి చికాగో అయింది.

పిల్లలతో వెళ్ళినప్పుడు మనం ఎత్తైన భవనాలు, మిలీనియం పార్కులో మెరిసే 'బీన్' చూసి ఫొటోలు దిగి వచ్చేస్తాం. నాకు మాత్రం ఈ ఊరి చరిత్ర చదివేకొద్దీ భవనాల కన్నా నీళ్ళు, చెత్త, ఆడవాళ్ళ కథలే ఎక్కువ నచ్చాయి.

ముందు నీళ్ళ సంగతి. 1837లో నగరంగా ఏర్పడినప్పుడు ఇక్కడ ఉన్నది దాదాపు నాలుగు వేలమంది. 1890 నాటికి పది లక్షలు దాటారు. నేలేమో చదునుగా, బురదగా ఉండేది. మురుగు పోయే దారి లేదు. 1854లో కలరా వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు చెస్‌బ్రో అనే ఇంజనీరు వింత ఉపాయం చెప్పారు. గొట్టాలు లోతుగా వేస్తే మురుగు పారదు కాబట్టి వాటిని పైనే వేసి, వీధుల ఎత్తునే పెంచాలన్నారు. దాంతో ఇళ్ళనీ అంగళ్ళనీ జాకీలు పెట్టి పైకి లేపారు. 1861లో ట్రిమాంట్ హౌస్ అనే పెద్ద ఇటుకల హోటల్ని లేపుతున్నప్పుడు, లోపల అతిథులు మామూలుగానే ఉన్నారట!

అయినా మురుగంతా నదిలోకి, నది మిషిగన్ సరస్సులోకి వెళ్ళేది. తాగే నీళ్ళూ ఆ సరస్సువే. అందుకని 28 మైళ్ళ కాలువ తవ్వి, 1900 జనవరి 2న నదినే వెనక్కి తిప్పారు. మన మురుగు పోయింది, బాగానే ఉంది. మరి కింద ఉన్నవాళ్ళో? మిసిసిపీ నది నీళ్ళు తాగే సెయింట్ లూయిస్ వాళ్ళ తరఫున మిస్సోరీ రాష్ట్రం సుప్రీంకోర్టుకెళ్ళింది. నేను చదివింది మైక్రోబయాలజీ కనుక ఈ కేసు నాకు భలే నచ్చింది. అప్పట్లో హాని చేయదనుకున్న ఒక బాక్టీరియాని పీపాలకొద్దీ కాలువలో కలిపి, అది సెయింట్ లూయిస్ దాకా చేరుతుందో లేదో పరీక్షించారు. కొంత చేరింది కూడా. కానీ టైఫాయిడ్ క్రిములు అంతదూరం బతికి వెళ్తాయని రుజువు కాలేదంటూ 1906లో కోర్టు కేసు కొట్టేసింది.

ఇక నిప్పు సంగతి. 1871 అక్టోబరు 8 రాత్రి మొదలైన అగ్నిప్రమాదంలో సుమారు 300 మంది చనిపోయారు, లక్షమంది ఇళ్ళు పోగొట్టుకున్నారు. కేథరిన్ ఓలియరీ అనే ఇల్లాలి పశువులకొట్టంలో ఆవు లాంతరు తన్నడం వల్లే ఊరు తగలబడిందని పత్రికలు రాశాయి. ఆవిడ పాలమ్ముకుని బతికే ఐరిష్ వలసమనిషి. విచారణలో కారణం తేలలేదు. ఆ ఆవు కథ కల్పించిందేనని తర్వాత ఒక విలేఖరి ఒప్పుకున్నాడు. అయినా నింద ఆవిడ పోయేదాకా పోలేదు. 1997లో నగర కౌన్సిల్ ఆమె తప్పు లేదని తీర్మానం చేసింది, 126 ఏళ్ళ తర్వాత! ఏం జరిగినా ముందు కొత్తగా వచ్చినవాళ్ళ వైపు వేలు చూపించడం ఈనాటిది కాదన్నమాట.

అదే ఊళ్ళో తలుపు తీసిన ఇల్లాలూ ఉంది. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తన పాశ్చాత్య యాత్ర గురించి ప్రసంగించిన స్వామి వివేకానంద, సెప్టెంబరులో సర్వమత సభ కోసం చికాగో చేరారు. వెళ్ళాల్సిన చోటి చిరునామా పోయింది. ఇల్లిల్లూ అడిగితే ఛీకొట్టారు. అలసిపోయి వీధి పక్కన కూర్చున్న ఆయన్ని ఎదురింట్లోంచి చూసిన మిసెస్ హేల్, లోపలికి పిలిచి ఆదరించి, సభవారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఆవిడని తర్వాత అమ్మగానే భావించారు. సభ జరిగిన భవనమే ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. దాని ముందున్న వీధి భాగానికి స్వామివారి పేరు గౌరవంగా పెట్టారు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది జేన్ ఆడమ్స్ కథ. 1889లో ఆవిడ, స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్ కలిసి హాల్‌స్టెడ్ వీధిలో వలసకూలీల మధ్య 'హల్ హౌస్' మొదలుపెట్టారు. పనికెళ్ళే తల్లుల పిల్లలకి సంరక్షణ, ఇంగ్లీషు పాఠాలు, వంట తరగతులు అక్కడ నడిచేవి. పేటలో చెత్త ఎత్తడం లేదని అడిగీ అడిగీ, 1895లో ఆవిడే చెత్త తనిఖీ అధికారి అయ్యారు. పొద్దున్నే ఆరింటికి లేచి చెత్తబండ్ల వెంట వెళ్ళేవారు. ఒక సందులో 18 అంగుళాల చెత్త కింద రాళ్ళు పరిచిన బాట బయటపడింది! ఇల్లు శుభ్రంగా ఉంచుకునే ఆడదానికి ఊరు శుభ్రంగా ఉంచే హక్కూ ఉందన్నది ఆవిడ వాదన. 1931లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న తొలి అమెరికన్ మహిళ ఆవిడే.

హల్ హౌస్‌కి వచ్చే ఒక ఇటలీ అమ్మాయికి తలగుడ్డ కట్టుకున్న తన తల్లిని చూస్తే నామోషీ. తల్లి ఒక గుమ్మంలోంచి వస్తే, వంట తరగతికొచ్చే కూతురు ఇంకో గుమ్మంలోంచి వచ్చేది. తల్లుల చేతిపనులు పిల్లలకి తెలియాలనే ఆడమ్స్ 1900లో అక్కడ లేబర్ మ్యూజియం పెట్టారు. ఆ తల్లి అందులో తకిలీతో నూలు వడుకుతుంటే, చూడ్డానికొచ్చిన ఉపాధ్యాయులు ఆమె నేర్పుని మెచ్చుకున్నారు. ఆ మాటలు కూతురి చెవిన పడ్డాయి. తర్వాత నుంచి తల్లితో పాటు ఒకే గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టింది.

ఇది చదివి కాసేపు పుస్తకం మూసేశాను. "ఫ్రెండ్స్ ముందు తెలుగులో పిలవకమ్మా" అన్న మాట మనలో ఎంతమంది వినలేదు? ఆడమ్స్ ఆ పిల్లని తిట్టలేదు, తల్లిని మారమనలేదు. తల్లికొచ్చిన పనికి నలుగురిలో చోటు కల్పించారు. బడిలో సాంస్కృతిక దినోత్సవానికి సమోసాలు కొనిచ్చి ఊరుకోకుండా, ముగ్గు వేసి చూపిస్తామనో, మాగాయ ఎందుకు పాడవదో చెబుతామనో మనమే అడగొచ్చు కదా. ఉప్పు, ఎండ, నూనె క్రిముల్ని ఎలా ఆపుతాయో చెబితే అది అచ్చమైన సైన్సు పాఠమే.

హల్ హౌస్ భవనాల్లో మిగిలినవి ఇప్పుడు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మ్యూజియంగా ఉన్నాయి. ఈసారి చికాగో వెళ్తే, 'బీన్' దగ్గర ఫొటోలయ్యాక పిల్లల్ని అక్కడికీ తీసుకెళ్ళండి. ఆ తల్లీకూతుళ్ళ కథ మాత్రం మ్యూజియం వాళ్ళకి వదిలేయకుండా మీరే చెప్పండి, తెలుగులో.