చెప్పింది చేస్తేనే పేరు

కొయ్యూరు నుంచి నర్సీపట్నం వెళ్తూ బస్సులో గేమ్స్ ఆడుతుంటారా? వాటిని తయారుచేసే ఉద్యోగం కావాలా? అయితే కోడింగ్‌తో పాటు మాట నిలబెట్టుకోవడమూ నేర్చుకోండి.

బ్రిటన్ సంస్థ హలో గేమ్స్ 2016 ఆగస్టులో ‘నో మ్యాన్స్ స్కై’ విడుదల చేసింది. ఆటగాళ్లు ఒకరికొకరు తారసపడొచ్చని ముందు చెప్పింది. తీరా కొన్నాక ఆ సదుపాయమే లేదు. డబ్బు పెట్టినవాళ్లు మండిపడ్డారు. సంస్థ వాదనకు దిగకుండా పనిలో పడింది. ఉచిత అప్‌డేట్లు ఇస్తూ 2018 జులైలో పూర్తి మల్టీప్లేయర్ తెచ్చింది. పోయిన నమ్మకం రావడానికి ఏళ్లు పట్టింది.

మీ రెజ్యుమే కూడా ట్రైలర్ లాంటిదే. వచ్చినవి, నేర్చుకుంటున్నవి విడివిడిగా రాయండి. రెండు ప్రశ్నలకే దొరికిపోయే నైపుణ్యాలు రాయొద్దు. ఇంటర్వ్యూలో ఆడి చూపించే చిన్న గేమ్ ఒక్కటి చేసిపెట్టుకోండి.