ఒకే వంటకం చేసే అంకుల్ ఎక్కడ?

సింగపూర్ హాకర్ సెంటర్‌లో ఏదో ఒక దుకాణం ముందు నిలబడి "ఒక ప్లేటు నూడుల్స్ ఇవ్వండి" అంటే లోపలున్నాయన గరిటె ఆపి మీ ముఖంలోకి చూస్తాడు. ఏవి కావాలో చెబితే కదా ఆయన చెయ్యి కదిలేది! పసుపుపచ్చటి లావు గోధుమ నూడుల్సా, వెడల్పుగా ఉండే మీ పోకా, సన్నటి మీ కియానా, బియ్యపు సేమ్యా బీ హూనా, బియ్యప్పిండి పట్టీల క్వే టియావా? అది తేలాక, డ్రైయా సూపా? అదీ తేలాక, చిల్లీ వెయ్యాలా వద్దా? ఈలోగా మీ వెనక వరసలో పదిమంది చేరి ఉంటారు. ఆ ఊళ్ళో మంచి నూడుల్స్ ఎక్కడ దొరుకుతాయని అడిగేవాళ్ళు ముందు ఏ నూడుల్స్ తినాలో తేల్చుకోవాలి. దుకాణం సంగతి ఆ తర్వాత.

మనకు నూడుల్స్ అంటే సాయంత్రం పూట వీధి మొదట్లో నిలబడే బండి. ఉడికించి ఆరబెట్టిన నూడుల్స్, క్యాబేజీ, క్యారెట్, సోయా సాస్, వెనిగర్, పెద్ద మంట. కలకత్తాలో స్థిరపడిన హక్కా చైనీయుల వంట మన కారాలూ మసాలాలూ కలుపుకుని దేశమంతా పాకిన రూపమది. దానికేం, బాగానే ఉంటుంది. కానీ ఆ రుచినే మనసులో పెట్టుకుని సింగపూర్‌లో దిగితే మొదటి గిన్నె చప్పగా అనిపించవచ్చు. అక్కడి నూడుల్స్ దక్షిణ చైనా తీరం నుంచి వచ్చాయి. 1819లో ఇంగ్లీషువాళ్ళు రేవు తెరిచాక ఫూజియన్, గ్వాంగ్‌డాంగ్ ప్రాంతాల నుంచి కూలికీ, వ్యాపారానికీ జనం దిగారు. హొక్కియెన్, టియోచ్యూ, కాంటనీస్, హక్కా, హైనాన్ అంటూ ఎవరి భాషవాళ్ళు వాళ్ళ పేటలో ఉన్నారు, ఎవరి నూడుల్స్ వాళ్ళు వండుకున్నారు.

వచ్చినవాళ్ళలో చాలామంది మగవాళ్ళు, పెళ్ళాం పిల్లలను ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు. గదిలో వంట కుదరదు. వాళ్ళకు అన్నం పెట్టింది వీధిలో కావడి మోసుకు తిరిగే హాకర్లే. కావడికి ఒకవైపు పొయ్యీ, మరుగుతున్న పులుసూ. రెండోవైపు గిన్నెలు, నూడుల్స్, చట్నీలు. అందులో పట్టేది ఒక్క వంటకానికి సరిపడా సామాను మాత్రమే. ఒక మనిషి ఒకే వంటకాన్ని రోజుకు కొన్ని వందలసార్లు, అలా కొన్ని దశాబ్దాలపాటు చేస్తూ పోయాడు. సింగపూర్ నూడుల్స్ రుచి వెనక ఉన్న అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

1968, 69ల్లో ప్రభుత్వం వీధి హాకర్లందరి పేర్లూ నమోదు చేసింది. 1971 నుంచి కప్పు, కుళాయి, మురుగు కాలువ ఉన్న సెంటర్లు కట్టి, వాళ్ళను వీధుల నుంచి వాటిలోకి మార్చుకుంటూ వచ్చింది. 1986కల్లా ఆ పని పూర్తయింది. ఇప్పుడు అలాంటి సెంటర్లు నూటపదికి పైగా ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వీధి పోయి సిమెంటు గది వచ్చినా పాతకాలపు హాకర్ పద్ధతి మారలేదు. ఇద్దరు నిలబడితే మూడోవాడు పట్టనంత చిన్న దుకాణం, బోర్డు మీద ఒకటో రెండో వంటకాల పేర్లు. ముప్పై వంటకాల రంగురంగుల బొమ్మలు వెలిగే దుకాణం కనబడితే పక్కకు జరగండి. అక్కడ ఆకలి తీరుతుంది, అంతే.

ఒక్క వంటకమే చేస్తే ఏమవుతుందో చూడాలంటే టియోచ్యూవాళ్ళ బాక్ చోర్ మీ దుకాణం ముందు కాసేపు నిలబడాలి. పంది కైమాతో చేసే నూడుల్స్ ఇవి. దుకాణం నడిపే అంకుల్ ముందుగా ఖాళీ గిన్నె తీసుకుని అందులో చిల్లీ ముద్ద, సోయా, నల్ల వెనిగర్, ఒక చెంచాడు పందికొవ్వు వేస్తాడు. కలపడు. పొడుగు పిడి ఉన్న తీగజల్లెడలో ఒక పిడికెడు మీ పోక్ వేసి సలసల కాగే నీళ్ళలో ముంచుతాడు. నిమిషం కూడా కాదు. పైకి తీసి, చన్నీళ్ళలో ఒక్క ముంచు ముంచి, మళ్ళీ వేడినీళ్ళలో చూపించి, జల్లెడను గట్టిగా విదిలిస్తాడు. ఆ విదిలింపులో నీళ్ళు మిగిలాయా, గిన్నెలో రుచంతా పలచబడిపోతుంది. నూడుల్స్ గిన్నెలో పడ్డాకే పుల్లలతో కింది నుంచి పైకి తిప్పి కలుపుతాడు. ఈలోగా పక్క గిన్నెలో కైమా, కాలేయం ముక్కలు ఉడుకుతుంటాయి. కాలేయం లోపల ఇంకా గులాబీ రంగు ఉండగానే తీసేయాలి, ఇంకాస్త ఆగితే రబ్బరే. పైన వేయించిన ఎండుచేప పలుకులు, కరకరలాడే కొవ్వు తునకలు. సూపు వేరే చిన్న గిన్నెలో. వెనిగర్ పులుపు మొదట తగిలి, కొవ్వు కమ్మదనం తర్వాత వస్తుంది, చేప వాసన చివర్న. పులుపు తగ్గిస్తే ఈ వంటకానికి అర్థమే లేదు.

ఈ నూడుల్స్ పసుపు రంగు గుడ్డుదే అనుకుంటాం. చాలావాటిలో గుడ్డు కొద్దిగానే ఉంటుంది, కొన్నింటిలో అసలే ఉండదు. ఆ రంగు పిండిలో కలిపే క్షారజలానిది. మన అప్పడాల పిండిలో ఖారం ఏ పని చేస్తుందో ఇక్కడ అది ఇంచుమించు అదే చేస్తుంది. గోధుమలోని గ్లూటెన్‌ను బిగించి సాగుడు తెస్తుంది, పిండిలో రంగు కనబడకుండా ఉన్న పదార్థాలను పసుపుపచ్చగా మారుస్తుంది. క్షారం ఎక్కువైతే మాత్రం సబ్బులాంటి వాసన మిగిలిపోతుంది. చన్నీళ్ళలో ముంచేది ఆ వాసనా, పైనున్న జిగురూ పోవడానికి. తొందరలో ఆ ముంచు మానేసిన దుకాణం ఏదో మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. ఇంకో మాట, ఇలా కలిపిన నూడుల్స్ నాలుగైదు నిమిషాల్లో ముద్ద కట్టేస్తాయి. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.

బాక్ చోర్ మీకి అందరూ చెప్పే పేరు లావెండర్ స్టేషన్ దగ్గర క్రాఫర్డ్ లేన్‌లోని తాయ్ హ్వా. 1932లో హిల్ స్ట్రీట్‌లో మొదలైన దుకాణం. 2016లో సింగపూర్‌కు మిషెలిన్ గైడ్ వచ్చిన ఏడాదే దానికి ఒక స్టార్ దక్కింది. పేరు వట్టిది కాదు, గిన్నె నిజంగా బాగుంటుంది. కానీ మధ్యాహ్నం వెళితే గంట నిలబడాలి, ధర మామూలు దుకాణాలకు దాదాపు రెండింతలు. స్టార్ పడ్డ చోటికే పరుగెత్తడం నాకు నచ్చదు. అదే 2016లో చైనాటౌన్ కాంప్లెక్స్‌లో సోయా చికెన్‌తో అన్నమూ నూడుల్సూ అమ్మే హాకర్ చాన్ దుకాణానికీ స్టార్ వచ్చింది, ప్రపంచమంతా వార్త అయింది, 2021లో స్టార్ పోయింది. ఆ కాంప్లెక్స్‌లో రెండు వందలకు పైగా దుకాణాలున్నాయి, దేశంలో అంత పెద్ద హాకర్ సెంటర్ ఇంకోటి లేదు. వార్తల్లోకి ఎక్కని దుకాణాల ముందు ఉదయం పదింటికి నిలబడే ముసలివాళ్ళ వరస చూసి ఎంచుకుంటే మోసపోయేది తక్కువ. ముసలివాళ్ళు అనడం ఊరికే కాదు. వాళ్ళు ఇక్కడే నలభై ఏళ్ళుగా తింటున్నారు, రుచి ఒక్క పిసరు తగ్గినా మర్నాడు రారు.

హొక్కియెన్ మీ సంగతి వేరు. ఇది కలిపేది కాదు, వేయించేది. వేయించడం అన్నా తప్పే, సగం ఉడికించడం. పెద్ద మూకుట్లో గుడ్లు కొట్టి, పసుపు గోధుమ నూడుల్స్, తెల్లటి బియ్యపు సేమ్యా రెండూ కలిపి వేసి, రొయ్య తలలూ పంది ఎముకలూ మరగబెట్టిన పులుసును గరిటెలతో పోస్తారు. మూత పెడతారు. ఆ పులుసును నూడుల్స్ తాగేదాకా ఆగడమే ఇందులో ఉన్న పనితనమంతా. మూత ముందే తీస్తే నీళ్ళగా ఉంటుంది, ఆలస్యమైతే అడుగంటుతుంది. రొయ్యలు, స్క్విడ్ ముక్కలు చివర్లో. పక్కన ఎర్రటి సంబల్ చట్నీ, సగం కోసిన చిన్న నిమ్మకాయ. కొన్నిచోట్ల వక్క చెట్టు మట్టలో వడ్డిస్తారు, ఆ వాసన కూడా పట్టుకుంటుంది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ ఫుడ్ సెంటర్‌లో నామ్ సింగ్ దీనికి పాతకాలం నుంచి పేరున్న దుకాణం. ఇదే పేరు కౌలాలంపూర్‌లో చెబితే నల్లటి సోయాలో వేయించిన లావు నూడుల్స్ వస్తాయి, పెనాంగ్‌లో రొయ్యల సూపు నూడుల్స్ వస్తాయి. మలేషియా నుంచి దిగిన తెలుగు బంధువులు సింగపూర్‌లో ఇది ఆర్డరు చేసి "ఇది హొక్కియెన్ మీ ఏంటి" అని గొడవ పెట్టుకుంటే ఆశ్చర్యపోకండి.

చార్ క్వే టియావ్ గురించి తక్కువే చెబుతాను. బియ్యప్పిండి పట్టీలను తియ్యటి నల్ల సోయాతో, గుల్లచేపలతో, పందికొవ్వుతో మంట ఎగిసేలా వేయిస్తారు. హాంగ్ లిమ్ ఫుడ్ సెంటర్‌లో ఔట్రమ్ పార్క్ దుకాణం ముందు వరస ఎప్పుడూ పొడుగే. నాకు ఆ తీపి ఎక్కదు, ఎక్కేవాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళతారు. కొబ్బరిపాల లాక్సా మన నాలుకకు సులభంగా పడుతుంది, జలన్ బెర్సేలోని సుంగేయ్ రోడ్ లాక్సా ఇప్పటికీ బొగ్గుల మీదే కాగుతుంది. నూడుల్స్ పొట్టిగా తరిగి ఉంటాయి కాబట్టి చెంచా చాలు, పుల్లలతో కుస్తీ అక్కర్లేదు. సముద్రతీరపు తెలుగువాళ్ళు తప్పక తినవలసింది మాత్రం బాన్ మియాన్. చేత్తో కలిపి సాగదీసిన గోధుమ నూడుల్స్, ఎండు నెత్తళ్ళతో కాచిన పులుసు, పైన వేయించిన నెత్తళ్ళు, పగలగొట్టి వేసిన గుడ్డు. దీనికి పేరున్న చోటు వెతకనక్కర్లేదు, మీరు దిగిన అపార్టుమెంట్ల కింద ఉన్న కాఫీ షాపులోనే ఉంటుంది.

ఒకటి రెండు పద్ధతులు తెలిసి ఉంటే ఇబ్బంది పడరు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ కుర్చీ ఎవరో పట్టుకున్నట్టు. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్ళి పెట్టాలి, 2021 నుంచి జరిమానా కూడా ఉంది. అంకుల్, ఆంటీ అనే పిలవండి, అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. చాలామంది హాకర్లది అరవైకి అటూ ఇటూ వయసు, తెల్లవారుజామున లేచి పులుసు పెట్టి మధ్యాహ్నానికి సరుకు అయిపోగానే షట్టర్ దించేస్తారు. సోమవారం మూసే దుకాణాలు ఎక్కువ. సాయంత్రం ఏడింటికి తీరిగ్గా వెళితే మంచివి దొరకవు. విదేశీ కార్డులు చాలాచోట్ల పనిచేయవు, చిల్లర నోట్లు ఉంచుకోండి. గిన్నె నాలుగైదు సింగపూర్ డాలర్లకు, అంటే మూడు వందల రూపాయల చుట్టుపక్కల వస్తుంది. అంత ఖరీదైన ఊళ్ళో ఇంత పనితనానికి ఆ ధర అన్యాయమనిపిస్తుంది, పాపం హాకర్లకు. పిల్లలు ఈ పనిలోకి రాకపోవడానికి ఆ ధరా ఒక కారణమే.

శాకాహారులు జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. "మాంసం వద్దు" అంటే అంకుల్ మాంసం ముక్కలు తీసేస్తాడు, కొవ్వూ పులుసూ అలాగే ఉంటాయి. ఆయన్ను అడిగి లాభం లేదు, ఆ కొవ్వు లేకుండా ఆ వంటకం ఆయనకు రాదు. బౌద్ధుల శాకాహార దుకాణాలు వేరే ఉంటాయి, వాళ్ళు మాంసంతోపాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. గుడ్డు మాత్రం ఒక్కోచోట వేస్తారు, అడగండి. వాళ్ళు వేయించే బియ్యపు సేమ్యా, సోయాతో గ్లూటెన్‌తో చేసిన ఉత్తుత్తి మాంసం ముక్కలు ఉదయం పూట బాగుంటాయి. బూగిస్ దగ్గర వాటర్లూ స్ట్రీట్‌లో క్వాన్ ఇమ్ గుడి, శ్రీకృష్ణ దేవాలయం పక్కపక్కనే ఉన్నాయి. చైనా భక్తులు అక్కడ ధూపం వెలిగించి, ఇటొచ్చి కృష్ణుడికీ దణ్ణం పెట్టుకుంటారు. ఆ దగ్గర్లోని ఫూ లూ షౌ కాంప్లెక్స్‌లో శాకాహార దుకాణాలు వరసగా ఉంటాయి.

పంది మాంసం తిననివాళ్ళకు ఇంకో దారి సెరంగూన్ రోడ్డు మొదట్లో ఉన్న టెక్కా సెంటర్. అక్కడి తమిళ ముస్లిం వంటవాళ్ళు చైనావాళ్ళ పసుపు నూడుల్స్‌నే తీసుకుని చిల్లీ ముద్ద, టమాటా, బంగాళాదుంప, గుడ్డు, మేక మాంసంతో ఎర్రగా వేయించి మీ గోరెంగ్ అని అమ్ముతారు. చైనాలో దీన్ని ఎవరూ గుర్తుపట్టరు. ఆదివారం సరుకులకు వచ్చిన మనవాళ్ళు సంచులు కింద పెట్టి ముందు దీనికే కూర్చుంటారు. ఆర్డరు చేసేటప్పుడు టమాటా సాస్ తగ్గించమనండి, లేకపోతే తీపి మిగతా రుచులన్నిటినీ మింగేస్తుంది.